ప్రత్యేక విద్య: బోధకుల చదువు, కొలువుల చరిత్ర

చూపు, వినికిడి, మేధ, కదలిక, నేర్చుకునే తీరు, వీటిలో ఏదో ఒక వైకల్యం ఉన్న పిల్లలకు వాళ్లకు తగిన పద్ధతిలో చదువు చెప్పడమే ప్రత్యేక విద్య. మన దేశంలో దీన్ని డిప్లొమా, బీఎడ్, ఎంఎడ్ స్థాయిల్లో చదువుకోవచ్చు. ఈ రంగం చరిత్రలో ఒక తిరకాసు ఉంది. ముందు బడులు పుట్టాయి. వాటిలో పాఠం చెప్పేవాళ్లకు శిక్షణ తరువాత వచ్చింది, ఆ శిక్షణకు చట్టం మరింత తరువాత వచ్చింది. మామూలు సర్కారు బడిలో మంజూరైన పోస్టు మాత్రం అన్నిటికన్నా వెనక, నిన్నమొన్న వచ్చింది.

అంధుల కోసం మొదటి బడిని 1887లో ఆనీ షార్ప్ అనే మిషనరీ అమృత్‌సర్‌లో తెరిచారు. అది తరువాత డెహ్రాడూన్‌కు తరలింది. బధిరులకు బొంబాయిలో 1880లలోనే బడి ఉండేది, కలకత్తాలో 1893లో వచ్చింది. మేధో వైకల్యం ఉన్న పిల్లల వంతు వచ్చేసరికి అర్ధశతాబ్దం గడిచింది. 1944లో ముంబైలో జై వకీల్ దంపతులు డౌన్ సిండ్రోమ్ ఉన్న తమ కూతురి కోసం ఇంట్లోనే బడి పెట్టారు. ఈ రంగంలో చాలా సంస్థల పుట్టుక ఇలాంటిదే: ఒక తల్లి, ఒక తండ్రి, ఎక్కడా చేర్చుకోని ఒక బిడ్డ. అక్కడ పనిచేసే టీచర్లు పక్కవాళ్లను చూసి, పిల్లల్ని చూసి నేర్చుకున్నవాళ్లే.

హైదరాబాద్‌లో 1968లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, సికింద్రాబాద్‌లో 1977లో స్వీకార్ మొదలయ్యాయి. ఆ వెనకే కేంద్ర ప్రభుత్వం ఒక్కో వైకల్యానికి ఒక్కో జాతీయ సంస్థ పెట్టుకుంటూ వచ్చింది. వినికిడి లోపానికి 1983లో ముంబైలో పెట్టిన సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. మహారాష్ట్ర గవర్నర్‌గా ఉంటూ మరణించిన ఆయన ఒకప్పుడు ఉస్మానియా వైస్ ఛాన్సలర్. మేధో వైకల్యానికి సంబంధించిన జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాద్ బోయినపల్లిలో వెలిసింది. ఆ ఆవరణకు మనోవికాస్ నగర్ అని పేరు. ఎన్ఐఎంహెచ్‌గా జనం నోట నలిగిన ఆ సంస్థ ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. పేరులోంచి 'మెంటల్లీ హ్యాండికాప్డ్' అన్న మాట పోయింది, బస్సు దిగేవాళ్లు మాత్రం ఇంకా పాత పేరే చెబుతారు. ఉస్మానియా అనుబంధంతో ఇక్కడ నడిచిన కోర్సుల్లో చదివినవాళ్లు దేశమంతటా ప్రత్యేక పాఠశాలల్లో కనిపిస్తారు.

ఈ చదువుకూ మామూలు బీఎడ్‌కూ తేడా తెలియాలంటే గుండీ పెట్టుకోవడం చూడాలి. మనకు అది ఒక పని. ఇక్కడ చదివే విద్యార్థికి అది పది చిన్న పనులు: గుండీ పట్టుకోవడం, కాజా అంచు దొరికించుకోవడం, అంచుదాకా తోయడం, అవతలినుంచి లాగడం... ఇలా విడగొట్టి రాయడాన్ని టాస్క్ అనాలిసిస్ అంటారు. ఆ తరువాత చాలాసార్లు వెనకనుంచి నేర్పుతారు. తొమ్మిది మెట్లు టీచరే చేసి, ఆఖరి లాగుడు బిడ్డకు వదిలేస్తారు. పని పూర్తిచేసిన సంతోషం మొదటి రోజే బిడ్డకు దక్కుతుంది. ప్రతి పిల్లవాడికీ ఐఈపీ అనే విడి ప్రణాళిక ఉంటుంది. ఏ మూడు నెలల్లో ఏది నేర్పాలి, నేర్చినట్టు ఎలా తెలుసుకోవాలి అన్నవి అందులో రాయాలి. దృష్టిలోపం విభాగంలో చేరినవాళ్లు బ్రెయిలీ నేర్వాలి, వినికిడి విభాగంవాళ్లు వినికిడి పరీక్ష ఫలితాన్ని చూపే ఆడియోగ్రాం చదవగలగాలి. 2015 నుంచి బీఎడ్ రెండేళ్లయింది. ఉద్యోగం చేస్తూ చదవాలనుకునేవాళ్లకు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఈ బీఎడ్ నడుపుతోంది.

పట్టా చేతికొస్తే సరిపోదు. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం కేంద్ర పునరావాస రిజిస్టరులో (సీఆర్ఆర్) పేరు నమోదై ఉండాలి. టీచర్లు దాన్ని 'సీఆర్ఆర్ నంబర్' అంటారు. అది లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని చట్టం చెబుతుంది. ఆ వెయ్యి అంకె ఇవాళ చదివితే నవ్వొస్తుంది.

కొలువుల కథ వేరే దారిలో నడిచింది. 1974లోనే కేంద్రం వైకల్యం ఉన్న పిల్లల్ని మామూలు బడుల్లో కలిపి చదివించే పథకం తెచ్చింది. అయితే పథకం ఉన్నన్నాళ్లే టీచరు. సర్వశిక్షా అభియాన్ వచ్చాక తెలుగు నేలపై మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలు వెలిశాయి. వాటిలో పనిచేసే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు (ఐఈఆర్పీలు) కాంట్రాక్టు మనుషులు. బడికి రాలేని బిడ్డ ఇంటికి వెళ్లి పాఠం చెప్పేదీ, ఫిజియోథెరపీ శిబిరానికి, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపుకు తల్లిదండ్రుల్ని పిలిచేదీ వాళ్లే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత చదువును హక్కుగా చెప్పింది. చెప్పేవాళ్లెందరుండాలన్న లెక్క తేల్చమని పట్టుబట్టింది మాత్రం సుప్రీంకోర్టు. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న ఇచ్చిన తీర్పులో ఆ నిష్పత్తిని వెంటనే ప్రకటించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ప్రాథమిక స్థాయిలో పదిమంది పిల్లలకు ఒకరు, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒకరు ఉండాలని కేంద్రం 2022లో ప్రకటించింది. అప్పుడే పోస్టులు కదిలాయి. తెలంగాణ 2024 డీఎస్సీ (టీచర్ల నియామకం)లోని 11,062 ఖాళీల్లో ప్రత్యేక విద్యకు 1,016 కేటాయించింది. వాటిలో 220 స్కూల్ అసిస్టెంట్లవి, 796 ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీలవి. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు సృష్టించింది: 1,136 ఎస్జీటీ, 1,124 స్కూల్ అసిస్టెంట్.

ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉన్నవాళ్ల సంగతి ఏమిటన్న ప్రశ్న కూడా ఆ కేసులోనే తలెత్తింది. వాళ్ల అర్హతలు చూడటానికి ప్రతి రాష్ట్రంలో ముగ్గురు సభ్యుల కమిటీ వేయాలని 2025 మార్చిలో కోర్టు ఆదేశించింది. అందులో ఒకరు పునరావాస మండలి ప్రతినిధి. ఆ కమిటీ ముందు పెట్టే కాగితాల్లో మొదట వెతికేది మళ్లీ సీఆర్ఆర్ నంబరే.