కుంపటికి వెనుక బట్టీ

బొగ్గు వంటయింటికి రాకమునుపే, ఎన్నో శతాబ్దముల పూర్వము, కొలిమిని చేరినది. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రములో మూసలయందు ఉక్కు కరగించి దూరదేశపు ఖడ్గకారులకు సరకందించిన కమ్మరులకు వట్టి కట్టెమంట చాలెడిది కాదు. తేమయు తారును పోగా కర్బనసారము మిగిలిన బొగ్గే, తిత్తిగాలి తోడుగా, అంతటి తాపము నీయగలిగెను. కట్టెపొయ్యికి చోటుచాలని పట్టణపుటిండ్లలో పిమ్మట అదియే కుంపటి కెక్కెను. పాత్రలకు మసి అంటదనియు, కన్నులు మండవనియు ఇల్లాండ్రు దానిని మెచ్చిరి.

వారికి తప్పిన పొగ యంతయు ఊరివెలుపల బట్టీయొద్ద వెడలుచునే యుండెను. తుమ్మ, సరుగుడు మొద్దులను గుమ్మటముగా పేర్చి, ఆకులలములు కప్పి, మట్టి మెత్తి, గాలికి సన్నని రంధ్రములుంచి నిప్పంటించినచో, మొదట తేమ తెల్లని ఆవిరియై పోవును. పిదప తారుతో కూడిన పసుపుపచ్చని దట్టపుపొగ లేచును. అది పలుచనై నీలిఛాయ దాల్చగనే బట్టీవాడు రంధ్రములన్నియు మూసివేయును. ఆ పొగతోడనే మీథేను, కార్బన్ మోనాక్సైడు వాయువులును, వానితో కట్టెలోని వేడిలో అధికభాగమును ఆకసము పాలగును. గాలికారిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలోకెలోరీలు, బొగ్గు సుమారు 7,000 కిలోకెలోరీలు ఇచ్చునన్నది నిజమే. కాని 100 కిలోల కట్టెకు మట్టిబట్టీలో 20 కిలోల బొగ్గు దిగుటయే గొప్ప గనుక, 3,50,000 కిలోకెలోరీలలో కుంపటికి చేరునది 1,40,000 మాత్రమే.

కుంపటియు నిరపాయము కాదు. నాలుగవ శతాబ్దమున లుటీషియాలో, అనగా నేటి పారిస్‌లో, శీతకాలము గడపిన రోమను పాలకుడు జూలియన్, గదిలో పెట్టించిన నిప్పుల ఆవిరికి ప్రాణాపాయము పాలైన ఉదంతమును తానే వ్రాసికొనెను. ఆ ఆవిరిలోని రంగువాసనలు లేని కార్బన్ మోనాక్సైడు స్వరూపము 1800లో రసాయనశాస్త్రజ్ఞుడు క్రూయిక్‌షాంక్ పరిశోధనమున గాని తేలలేదు. బాలింత మంచముక్రింద కుంపటి నుంచి తలుపులు బిగించు మన ఆచారమున పొంచియున్న ముప్పును అదియే.

గంప అడుగున మిగిలిన బొగ్గుపొడిని పేడతోను బంకమన్నుతోను కలిపి ఉండలు చేసి ఎండబెట్టుట మన ఇండ్లలోని పొదుపు. మన్ను కలిసినకొలది బూడిద హెచ్చి వేడి తగ్గినను, ఉండ నిదానముగా చాలసేపు కాలును. అమెరికాలో 1897లో ఎల్స్‌వర్త్ జ్వోయర్ బొగ్గుపొడి దిమ్మకు పేటెంటు పొందగా, 1920లలో హెన్రీ ఫోర్డు తన కార్ల కర్మాగారపు కర్రముక్కలతో అట్టి దిమ్మలను విరివిగా చేయించెను.

వంటచెరకు కరవును తీర్చుటకై మద్రాసు రాజధాని అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో కోరి తెప్పించిన విదేశపు తుమ్మవిత్తులు 1878లో కడపమండలపు కమలాపురమున నాటబడినవి. ఆ సర్కారుతుమ్మయే నేడు మెట్టప్రాంతముల నావరించి బట్టీలను పోషించుచున్నది. దానిని నరికినందువలన అడవికి నష్టము లేదు గాని, వెడలు వాయువులను మరల మండించి ఆ వేడితోనే కట్టెను కాల్చు మూతబట్టీలు వచ్చువరకు, కుంపటి పరిశుభ్రతకు మూల్యము చెల్లించువారు ఆ పొగలో నిలిచి పనిచేయు బట్టీకూలీలే.