సంద్రానికి గట్టేది?

2018 నవంబరు నెలాఖరు. అరేబియా సముద్రంలో గుజరాత్ బోట్లు వేటలో ఉన్నాయి. వాటి మీద కూలికి వెళ్లిన 22 మంది మనవాళ్లు. ఎక్కువమందిది శ్రీకాకుళం, విజయనగరం తీరం. సొంతూరి దగ్గర హార్బరు లేక ఏటా గుజరాత్‌లోని వీరావల్‌కు వలసపోయే మత్స్యకారులు. ఎప్పుడు హద్దు దాటారో వాళ్లకే తెలియదు. పాకిస్థాన్ గస్తీ పడవలు వచ్చి పట్టుకున్నాకే తెలిసింది.

మా తోట్లవల్లూరులో పొలం హద్దు దగ్గర తగవొస్తే సర్వేయరు వస్తాడు, రాయి పాతుతాడు. కృష్ణకు వరదొచ్చి లంకలో గట్టు కొట్టుకుపోయినా, ఎవరి చెక్క ఎక్కడిదాకానో చెప్పే పెద్దవాళ్లుంటారు. సంద్రంలో ఎవరు చెబుతారు?

చట్టం చెబుతుంది, కాగితం మీద. ఒక దేశం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, ఆ దేశపు సొంత జలాలు. 200 మైళ్ల దాకా చేపల మీద, సముద్రగర్భంలోని చమురు, గ్యాసు మీద హక్కు ఆ దేశానిదే. మన 1976 చట్టమూ, 1982 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికా ఇదే అంటాయి. బంగాళాఖాతంలో బంగ్లాదేశ్‌తో మన హద్దును 2014లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది. గుజరాత్ వైపు పాకిస్థాన్‌తో ఉన్న సర్ క్రీక్ పాయ తగవు మాత్రం తెగలేదు. అది తెగితే గానీ సముద్రంలో గీత ఎక్కడ మొదలవ్వాలో తేలదు. తేలని గీత దాటారని మనుషుల్ని కరాచీ జైల్లో పెట్టారు!

నన్ను కలచివేసేది ఇంకొకటుంది. ఆ ఒడంబడికలోనే 73వ అధికరణం ఉంది. 200 మైళ్ల మండలంలో చేపల చట్టం మీరిన విదేశీయులకు, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేకపోతే, జైలు శిక్ష వేయకూడదు. పూచీకత్తు తీసుకుని పడవనీ మనుషులనీ త్వరగా వదలాలి. రెండు దేశాలూ దాన్ని ఆమోదించినవే. ఇటు మన జైళ్లలోనూ పాకిస్థాన్ జాలర్లున్నారు. ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ జాబితాలో తమవాడి పేరుందో లేదో ఇక్కడ ఆడవాళ్లు వెతుక్కోవాలి.

పదమూడు నెలలు దాటాయి. శ్రీకాకుళం ఆడవాళ్లు కాళ్లరిగేలా తిరిగారు.

2020 జనవరి 6. వాఘా సరిహద్దు. అక్కడ గేటుంది, నేల మీద తెల్లగా గీత ఉంది. 20 మంది మనవాళ్లు దాన్ని కళ్లారా చూస్తూ, నడుచుకుంటూ ఇవతలికి వచ్చారు. ఇద్దరు ఆ రోజు రాలేదు.