కొర్రమీను గాలపు వేట

కొర్రమీను గాలపు వేట తెలంగాణలోని వాగులు, కుంటలు, చెరువులలో జరిగే సంప్రదాయ చేపల వేట. కొర్రమీను (శాస్త్రీయ నామం: చన్నా స్ట్రయేటా) 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందినది.

నేపథ్యం

వికారాబాదు జిల్లా ధారూర్ పరిసరాల వాగులు కాగ్నా నదిలోను, కాగ్నా భీమా నదిలోను కలుస్తాయి. నీలగిరి, హిమాలయ సెలయేళ్ళలో కృత్రిమ ఈగ ఎరతో పట్టే ట్రౌట్ చేపకు ఎల్లప్పుడూ చల్లని నీరు అవసరం. వేసవిలో మడుగులుగా మిగిలే ఇక్కడి వాగులలో అది బ్రతుకదు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చగలదు కనుక బురదనీటిలో సైతం జీవిస్తుంది.

వేట విధానం

గాలానికి చిన్న కప్పను గాని చేపపిల్లను గాని గుచ్చి, నీటిమొక్కల అంచున వేస్తారు.

సంరక్షణ

వర్షాకాలంలో గుడ్లు పెట్టిన తరువాత పెద్దచేపలు పిల్లలకు కావలి కాస్తాయి. నీటిపై ఎర్రని పిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేస్తే కావలి చేప సులభంగా చిక్కుతుంది, కాని పిల్లలు ఇతర చేపలకు ఆహారమవుతాయి. అటువంటి చోట ఛాయాచిత్రం తీసుకొని, గాలం వేయకుండా విడిచిపెట్టడం మేలు.