బొడ్డు చుట్టూ సూదులు: కుక్కకాటు టీకా, నాడీమండల శోథ – అనంతపురం ప్రాంత నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారన్న మాట తెలుగునాట ఒక తరం వారికి కంఠస్థం. ఆ సూదులకు జంకి నాటువైద్యుని ఆశ్రయించిన వారిని మూఢులుగా చిత్రించడం వైద్యచరిత్ర రచనలో పరిపాటి అయింది. ఆ జంకులో కొంత భాగానికి శాస్త్రీయమైన ఆధారం ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా, నాడు మద్రాసు రాజధానిలోని అనంతపురం జిల్లాకు చెందినవి. 1900లో కసౌలీలో పాశ్చర్ సంస్థ ఏర్పడింది గాని దక్షిణాది వారికి అది అందని దూరం. 1902లో లిల్లీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే యువతి జలభీతితో మరణించిన తరువాత, అమెరికా దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన ధనంతో 1907లో కూనూరులో దక్షిణ భారత పాశ్చర్ సంస్థ వెలసింది. ఈ మూడు ఊళ్లూ గుంతకల్లు–బెంగుళూరు రైలుమార్గంపై ఉన్నవే. అయినా బెంగుళూరులో మీటరుగేజీ బండి దిగి, జోలార్‌పేట మీదుగా మేట్టుపాళయం చేరి, అక్కడ కొండరైలు ఎక్కితే గాని కూనూరు రాదు. కాటుకు, చికిత్సకు నడుమ గడిచే ప్రతి దినమూ వైరస్‌కు లాభమే.

ఈ దూరాన్ని తగ్గించింది డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో రూపొందించిన టీకా. వైరస్ సోకిన జంతువు మెదడును, తరువాతి కాలంలో ప్రధానంగా గొర్రె మెదడును, నూరి కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ను నిర్జీవం చేసేవారు. చౌక, తయారీ సులభం, దూరప్రాంతాలకు పంపవచ్చు. క్రమంగా రోగి కూనూరుకు పోనక్కరలేక, టీకాయే జిల్లా ఆసుపత్రులకు రాసాగింది. అయితే వైరస్‌తో పాటు గొర్రె మెదడులోని మైలిన్ కూడా రోగి శరీరంలోకి చేరేది. నాడీతంతువులను కప్పి ఉంచే ఈ పొర గొర్రెలోనూ మనిషిలోనూ దాదాపు ఒకే పోలికది. పరాయి మైలిన్‌పై రేగిన రోగనిరోధక కణాలు సొంత మైలిన్‌ను కూడా శత్రువుగా ఎంచేవి. సాధారణంగా సూదులు మొదలైన ఒకటి రెండు వారాలకు కాళ్లు పడిపోవడం, మూత్రం బంధించడం, స్పృహ తప్పడం కనిపించేవి. ఇటువంటి ఉపద్రవం 200 మందిలో ఒకరికని కొన్ని లెక్కలు, వేలల్లో ఒకరికని మరికొన్ని లెక్కలు చెబుతున్నాయి. థామస్ రివర్స్ బృందం 1933లో కోతులకు ఆరోగ్యకరమైన మెదడు కణజాలాన్నే పదేపదే ఎక్కించి ఇదే తరహా శోథను సృష్టించింది. నేడు మల్టిపుల్ స్క్లెరోసిస్ అధ్యయనానికి ఆధారమైన ప్రయోగ నమూనా ఈ టీకా ప్రమాదం నుండి పుట్టినదే. 1987లో థాయిలాండ్ రోగులపై హేమచుధ తదితరుల పరిశోధన, ఈ ఉపద్రవంలో మైలిన్ బేసిక్ ప్రోటీన్ పాత్రను చూపింది.

అసలు వ్యాధి తీరు దీనికి విరుద్ధం. రేబిస్ వైరస్ నాడీకణాలను చంపక, ఇంటర్‌ఫెరాన్ స్పందనను అణచివేస్తూ చడీచప్పుడు లేకుండా మెదడుకు చేరుతుంది. ప్రాణం తీసిన వ్యాధి తీవ్రతతో పోలిస్తే మెదడులో కనిపించే శోథ ఆశ్చర్యకరంగా స్వల్పం. ప్రతిదేహాలు సైతం ఆలస్యంగా, కొందరిలో అసలు కనబడకుండానే, మరణం సంభవిస్తుంది. పక్షవాత రూపంలో మాత్రం వెన్నుపాములో, నాడీమూలాల్లో శోథ ఎక్కువగా నమోదైంది. స్పందన రేగవలసిన చోట వ్యాధి దానిని నిద్రపుచ్చింది. రేగకూడని చోట టీకా దానిని లేపింది.

వైద్యునికి చిక్కంతా ఇక్కడే. కుక్క కరిచి, సూదులు వేయించుకొన్న మనిషికి కాళ్లు పడిపోతే కారణం కుక్కా, సూదా? మొదటిదైతే దాదాపు ఆశ లేదు. రెండవదైతే చాలామంది కోలుకొంటారు. ఈ నిర్ణయానికి హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరులో 1974లో ఏర్పడిన నిమ్‌హాన్స్ కీలకమైంది. కార్బాలిక్ ఆమ్లం స్థానంలో బీటా ప్రోపియోలాక్టోన్ వాడిన టీకాతోనూ నాడీ ఉపద్రవాలు వస్తున్నాయని అక్కడి వైద్యులు 1984లో ప్రకటించారు. రసాయనం మారినా గొర్రె మెదడు మారలేదు కదా!

చిలీలో 1950లలోనే మైలిన్ ఇంకా ఏర్పడని పసి ఎలుకల మెదడుతో టీకా తయారైంది. ఆ తరువాత కణవర్ధనంలో పెంచిన, మెదడు కణజాలమే లేని టీకాలు వచ్చాయి. కొనగలిగిన వారు వాటిని కొన్నారు. ప్రభుత్వాసుపత్రి వరుసలో నిలిచినవారికి సెంపుల్ టీకాయే మిగిలింది. భారతదేశంలో దాని ఉత్పత్తి 2004 చివర గాని ఆగలేదు. చౌక అన్న కారణంతో సాగిన ఆ కాలవ్యవధిని గ్రామీణుల అజ్ఞానం పద్దులో వ్రాయడం కుదరదు.