గుండె లయ: నాడి మొదలు విద్యుల్లేఖనము వరకు

వైద్యుడు వచ్చి కూర్చుండగానే రోగి తనంత తానే మణికట్టు చాచుట మన మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పూర్వాచారము. తెలుగునాట బసవరాజు రచించిన బసవరాజీయమున నాడీపరీక్ష ప్రథమ ప్రకరణమందే కలదు. వాతనాడి సర్పమువలెను, పిత్తనాడి కప్పవలెను, శ్లేష్మనాడి హంసవలెను నడచునని మన వైద్యులు చెప్పుచుండిరి. నాడి గతి తప్పినచో ప్రాణభయమనియు వారెరుగుదురు. గుండెపోటు పిమ్మట ఆ గతి ఏల తప్పునో, దానిని మరల నెట్లు నిలుపవలెనో తెలియుటకు మాత్రము చాల కాలము పట్టినది. ఆ చరిత్రను సంగ్రహముగా విన్నవించెదను.

గుండెకు రక్తము గొనిపోవు ధమని పూడుకొనినప్పుడు ఆ భాగపు కండ చెడును. విద్యుత్ప్రేరణ కండయందు వరుసగా ప్రసరించుటచేతనే లయ కలుగుచున్నది. కండ చెడినచోట ఆ ప్రేరణ దారి తప్పి సుడి తిరుగవచ్చును. అప్పుడు జఠరికలు ముడుచుకొనుట మాని వడకుచుండును, రక్తము కదలదు. క్షణములలో తెలివి తప్పును, నిమిషములలో ప్రాణము పోవును. ఆకస్మిక మరణములకు ఈ వడకు కారణము కాగలదని 1889 లో ఆబర్డీను పండితుడు మాక్‌విలియము వ్రాసెను. హాలండు దేశీయుడు ఐంతోవెను గుండె విద్యుత్తును గీతలుగా వ్రాయు యంత్రమును నిర్మించి 1924 లో నోబెల్ బహుమానమునందెను. నేటి ఇసిజి దాని సంతానమే.

వ్యాధి తెలిసినది, చికిత్స మాటేమి? 1947 లో క్లీవ్‌లాండు నగరమున బెక్ అను శస్త్రవైద్యుడు, గుండె వడకుచున్న 14 ఏండ్ల బాలునికి తెరచిన రొమ్మునందే విద్యుదాఘాతమిచ్చి బ్రతికించెను. 1956 లో జోల్ రొమ్ము తెరవకయే పైనుండి ఆ పని చేసెను. వట్టిచేతులతో రొమ్ము నొక్కియు రక్తమును నడుపవచ్చునని 1960 లో కూవెన్‌హోవెను, ఆతని సహచరులు చూపిరి. 1966 లో బెల్ఫాస్టునందు పాంట్రిడ్జి విద్యుదాఘాత యంత్రమును బండిలో పెట్టి రోగి యున్నచోటికే పంపెను. 1980 లో మిరోవ్‌స్కీ శ్రమ ఫలించి, దేహములోనే యుండి లయను కాచు యంత్రము బాల్టిమోరున తొలిసారి ఒక రోగికి అమర్చబడెను.

ఈ చరిత్రలో మనము మరువరాని ఘట్టమొకటి కలదు. గుండెపోటు పిమ్మట అకాలపు కొట్టుకొనుటలు కనబడినచో వానిని మందుతో అణచిన మేలు కలుగునని వైద్యులు చాలకాలము నమ్మిరి. 1989 లో వెలువడిన అమెరికా పరిశోధనలో ఎన్‌కైనైడు, ఫ్లెకైనైడు అను మందులు ఆ కొట్టుకొనుటలను అణచినవి. కాని వానిని సేవించినవారే హెచ్చుగా మరణించిరి. పద్యమున యతిభంగమును దిద్దబోయి అర్థమునే చెరుపుట యిట్టిదే. 1981 లో నార్వే వైద్యులు పరీక్షించిన టిమొలాల్ వంటి బీటా బ్లాకర్లో, మరణములను తగ్గించినవి. గుర్తును మాన్పుట వేరు, మనిషిని కాచుట వేరు.

నేడు ప్రథమ కర్తవ్యము పూడిన ధమనిని త్వరగా తెరచుట. దానికి రక్తపుగడ్డను కరగించు ఇంజెక్షనో, బెలూను చికిత్సయో కలదు. వడకు పుట్టినచో విద్యుదాఘాతము, అది మరల మరల వచ్చినచో అమియొడరోన్. గుండె మిక్కిలి మందగించినచో తాత్కాలిక పేస్‌మేకరు. గుండె బలము తగ్గియే యున్నవారికి, సాధారణముగా 40 దినములు గడచిన పిమ్మట, లోపలి రక్షక యంత్రమును గూర్చి ఆలోచింతురు.

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగులు నెలలతరబడి విశ్రమించి స్వస్థులైరి. గుండెపోటు నెలలనిచ్చునది కాదు. రొమ్మున బరువు, చెమట, ఎడమచేతి నొప్పి కలిగినప్పుడు వాయువని సోడా త్రాగి తెల్లవారువరకు వేచియుండుట ప్రమాదము. 108 కు ఫోను చేయుడు. ఆ బండి 2005 నుండి మన రాష్ట్రమున తిరుగుచున్నది. కుప్పమున నేడు వైద్యకళాశాల ఆసుపత్రియే కలదు. ఎవరైన కూలిపోయి, పిలిచిన పలుకక, ఊపిరి సరిగా తీయనిచో, బండి వచ్చువరకు రొమ్ము నడుమ రెండుచేతులతో నిమిషమునకు 100 నుండి 120 మార్లు గట్టిగా నొక్కుడు. నాడి చూచుట వైద్యునికే తగును. ఈ పనికి మాత్రము పల్లెలోని ప్రతి చేయియు తగును.