ట్రాంబ్లే ఇంటిపేరు, సాగెనే జబ్బు

కెనడాలోని క్విబెక్‌లో ట్రాంబ్లే అన్న ఇంటిపేరు అడుగడుగునా వినిపిస్తుంది. ఆ పేరుగల వంశాలకు మూలపురుషుడు పియెర్ ట్రాంబ్లే. ఫ్రాన్స్‌లోని పెర్ష్ సీమ నుంచి 1647లో వలస వచ్చాడు. 1657లో ఓజాన్ అషోన్‌ను పెళ్లాడాడు. వారికి 12 మంది సంతానం. కొడుకుల కుటుంబాలు షార్ల్వా తీరానికి పాకాయి. 1838లో అక్కడి లా మాల్బే నుంచి ‘ఇరవై ఒక్కరి సంఘం’ సాగెనే లోయలో అడుగుపెట్టింది. వెనకే షార్ల్వా కుటుంబాలు తరలివచ్చి అడవి నరికి స్థిరపడ్డాయి.

1978లో జాన్ పియెర్ బుషార్, ఆంద్రే బార్బో తదితర వైద్యులు ఈ రెండు సీమల పిల్లల్లో కనిపిస్తున్న ఒక నరాల జబ్బును వర్ణించారు. నడక నేర్చే వయసులోనే బిడ్డ తూలుతుంది. కాళ్లు బిగుసుకుంటాయి, మాట తడబడుతుంది. నడివయసుకు చాలామందికి చక్రాల కుర్చీ తప్పదు. దీనికి షార్ల్వా-సాగెనే అటాక్సియా అని పేరు. కారణమైన జన్యు లోపం 2000లో దొరికింది. సాగెనేలో సుమారు 22 మందిలో ఒకరు దాన్ని మోస్తున్నారు. మోసేవారికి ఏ బాధా ఉండదు. తల్లీతండ్రీ ఇద్దరూ మోస్తుంటేనే, అదీ ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశంతో, బిడ్డకు జబ్బు వస్తుంది.

మనవాళ్లకు వెంటనే మేనరికం గుర్తొస్తుంది. అయితే సాగెనేలో దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు ఇతర ప్రాంతాలకన్నా ఎక్కువేమీ కావని చర్చి రిజిస్టర్ల పరిశీలనలో తేలింది. అసలు కారణం, తొలి వలసదారులు కొద్దిమందే కావడం, వారికి పిల్లలు ఎక్కువగా పుట్టడం. ఆ కొద్దిమందిలో ఎవరో మోసుకొచ్చిన లోపం తరతరాలుగా ఊళ్లన్నిటికీ పాకింది.

ఆ రిజిస్టర్లు అపురూపమైనవి. పెళ్లయ్యాక కూడా స్త్రీని పుట్టింటి పేరుతోనే రాశారు. అందువల్లే చరిత్రకారుడు జెరార్ బుషార్ 1972లో మొదలుపెట్టిన బాల్సాక్ వంశావళి భాండారంలో తల్లుల వరస కూడా తెగకుండా దొరుకుతుంది. ఇంటిపేరు తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది. జన్యువు కూతుళ్ల వెంట కూడా వెళుతుంది, పేరు మారిన ఇళ్లలోనూ ఉంటుంది. కనుక ఈ జబ్బును ట్రాంబ్లేల జబ్బనడం అన్యాయం.

దీన్ని నయం చేసే మందు ఇంకా లేదు. 2010లో సాగెనేలో, తర్వాత క్విబెక్ అంతటా, పిల్లల్ని కనదలచిన దంపతులకు ప్రభుత్వం ఉచిత పరీక్ష అందుబాటులోకి తెచ్చింది. అర్హతకు అమ్మమ్మ, నానమ్మ, తాతల్లో ఒక్కరైనా సాగెనే, షార్ల్వా ప్రాంతాల్లో పుట్టి ఉంటే చాలు. ఇంటిపేరుతో పనిలేదు.