భుజం దాటకూడని ఊపు

ఇంగ్లీషు మాటలు నేర్చుకోవాలంటే డిక్షనరీ కంటే ఆట నేర్పే పుస్తకం మేలని నేనంటే మా ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. డిక్షనరీలో మాట ఎండబెట్టిన అప్పడంలా చదునుగా పడి ఉంటుంది. ఆట నేర్పే పుస్తకంలో అదే మాటకి కాళ్లూ చేతులూ వస్తాయి.

నేను గోల్ఫ్ కర్ర పట్టినదాన్ని కాను, పట్టే ఉద్దేశమూ లేదు. కానీ బెన్ హోగన్ అనే అమెరికన్ ఆటగాడు 1957లో వెలువరించిన స్వింగ్ పాఠాల పుస్తకం చేతికొస్తే నవలలా చదివేశాను. 'గ్రిప్' అంటే కర్రని పట్టుకునే తీరు. 'స్టాన్స్' అంటే నిలబడే తీరు. 'వాగిల్' అంటే కొట్టబోయే ముందు కర్రని కాస్త అటూ ఇటూ ఆడించడం. 'అడ్రస్' అంటే మనకి కవరు మీద రాసేదే తెలుసు. గోల్ఫులో బంతి ముందు కర్ర ఆనించి సిద్ధంగా నిలబడడం అడ్రస్! 'ఫాలో త్రూ' అంటే దెబ్బ తగిలాక కూడా ఊపుని చివరిదాకా సాగనివ్వడం. మన ఆఫీసుల్లో రోజూ వాడే మాటే కదా, మొదలెట్టిన పనిని సగంలో వదలకూడదనే అర్థంలో.

అందులో ఒక బొమ్మ నాకు భలే నచ్చింది. పెద్ద గాజు పలకకి నడిమధ్య కన్నం. ఆటగాడు అందులోంచి తల దూర్చి నిలబడతాడు. పలక అతని భుజాల మీద ఆని, కిందికి బంతి దాకా వాలి ఉంటుంది. చేతులు వెనక్కి ఎత్తినప్పుడు ఆ గాజు పగలకూడదు. దాని పేరే స్వింగ్ 'ప్లేన్'. విమానం కాదు, వాలుగా ఉన్న తలం. ఆ తలం వెంట కర్ర భుజం దాటి పైకి వెళ్తుంది. 'భుజం దాటి' అన్న ఆ చోటే నాకు ఒక చరిత్ర తగిలింది.

గోల్ఫుకి పుట్టిల్లు స్కాట్లండ్. జనం విలువిద్య మానేసి ఈ ఆటలో పడిపోతున్నారని 1457లోనే అక్కడ దాన్ని నిషేధించారు. 1567లో భర్త హత్య జరిగిన కొద్దిరోజులకే మేరీ రాణి గోల్ఫ్ ఆడిందని ఆమె శత్రువులు నింద మోపారు. రాణి సంగతి అలా ఉంచండి. ఎడింబరో పక్కన మస్సెల్‌బరో అనే ఊళ్లో బెస్త స్త్రీలు ఉండేవారు. వీపున చేపల బుట్ట వేసుకుని నగరానికి నడిచి వెళ్లి అమ్ముకునేవారు. అక్కడి గోల్ఫ్ సంఘం 1811 జనవరిలో వాళ్లకి పోటీ పెడుతున్నామని ముందు నెలలోనే నిర్ణయించింది. గెలిచిన ఆమెకి బహుమతి ఏమిటనుకున్నారు? ఒక కొత్త చేపల బుట్ట, ఒక శాలువా. పట్టు చేతిరుమాళ్లు కూడా. బరువులు మోసే ఆ చేతులకి ఇంతకంటే పైకి ఎత్తొద్దని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ ధైర్యం పెద్దింటి ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి వచ్చింది. 1867లో సెయింట్ ఆండ్రూస్‌లో స్త్రీలకి ఒక క్లబ్బు ఏర్పడింది. ఆడనిచ్చింది మాత్రం 'పట్టింగ్' ఒక్కటే. అంటే బంతిని మెల్లగా దొర్లించి గుంటలో పడెయ్యడం. ఎగుడుదిగుళ్లున్న ఆ పచ్చికకి 'హిమాలయాలు' అని ముద్దుపేరు, ఇప్పటికీ.

1890లో వచ్చిన ఒక గోల్ఫ్ పుస్తకంలో లార్డ్ వెల్‌వుడ్ అనే పెద్దమనిషి స్త్రీలకి ఒక కొలత నిర్ణయించారు. వాళ్ల దెబ్బ డెబ్బై, ఎనభై గజాలు దాటకుండా ఉంటే మంచిదిట. బలం లేదని కాదుట. అంతకంటే దూరం కొట్టాలంటే కర్రని భుజం పైకి ఎత్తాలి, ఆడవాళ్ల దుస్తుల్లో ఆ భంగిమ చూడ్డానికి అంత సొంపుగా ఉండదుట! స్వింగ్ అంటే ఉయ్యాల అని కూడా అర్థం. అట్లతద్ది నాడు ఉయ్యాల ఊగే పిల్లని 'ఇంతకంటే పైకి ఊగకు' అంటే ఊరుకుంటుందా?

వాళ్లూ ఊరుకోలేదు. 1893లో లేడీస్ గోల్ఫ్ యూనియన్ పెట్టుకున్నారు. ముందుగా సలహా అడిగితే, హొరేస్ హచిన్సన్ అనే పేరుమోసిన ఆటగాడు ఈ ప్రయత్నం వద్దని ఉత్తరం రాశాడు. ఆడవాళ్లు కలిసికట్టుగా ఏ పనీ గట్టెక్కించలేరు, పోట్లాడుకుంటారని అందులో సారాంశం. అదే ఏడు మొదటి పోటీ జరిగింది. లేడీ మార్గరెట్ స్కాట్ గెలిచింది. 1894లోనూ గెలిచింది, 1895లోనూ గెలిచింది. ఆనాటి ఫొటోల్లో ఆమె ఊపు చూడాలి. పొడుగు పావడా, మెడదాకా జాకెట్టు, తలమీద టోపీ, కర్ర మాత్రం భుజం దాటి వీపు వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది.

మొదటి ఫైనల్లో ఆమె చేతిలో ఓడిన ఇసెట్ పియర్సన్ ఆ యూనియన్‌కి కార్యదర్శి. ఓడినందుకు అలిగి కూర్చోలేదు, ఊరూరి ఆడవాళ్లకీ ఒకే తీరున 'హ్యాండిక్యాప్' కట్టే పద్ధతి తెచ్చింది. ఈ మాటని మనం వైకల్యానికి వాడాం గానీ, దాని పుట్టుక టోపీలో చెయ్యి పెట్టి ఆడే పాతకాలపు పందెంలో ఉంది. గోల్ఫులో అది బలహీనులకి నాలుగు దెబ్బల వెసులుబాటిచ్చి, బలవంతుల పక్కన నిలబెట్టే లెక్క. పోట్లాడుకుంటారన్న ఆడవాళ్లు ఆ లెక్కని మగవాళ్ల సంఘాల కంటే ముందే దేశమంతటికీ ఒకటి చేశారు.

ఇక 'క్లబ్' అన్న మాటుంది. కర్రనీ క్లబ్బే అంటారు, సంఘాన్నీ క్లబ్బే అంటారు. మొదటి క్లబ్బు బెస్త స్త్రీల చేతిలో 1811 నాటికే ఉంది. రెండో క్లబ్బు గడప మాట వేరు. 1754లో పుట్టిన సెయింట్ ఆండ్రూస్ రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు స్త్రీలని సభ్యులుగా చేర్చుకోవడానికి ఓటు వేసింది 2014 సెప్టెంబరులో. మ్యూర్‌ఫీల్డ్‌లో ఆడే మరో పాత క్లబ్బు 2016లో కాదంది, 2017లో ఔనంది. 2022లో స్త్రీల ఓపెన్ పోటీ ఆ మైదానంలోనే జరిగింది. ఒకే మాటకున్న రెండు అర్థాల మధ్య రెండు వందల ఏళ్లు! ఏ డిక్షనరీ చెబుతుంది ఈ సంగతి?

మన దేశం సంగతి కూడా ఒకటి చెప్పాలి. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగినప్పుడు బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్ ఒకే ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. ఆ పిల్ల అందరికంటే దూరం కొట్టేది కాదు. ఆమెని అంత పైకి తెచ్చింది పట్టింగే. ఆడవాళ్లకి ఇది చాలులే అని ఒకనాడు విదిలించిన ఆ మెల్లని దెబ్బే. అప్పుడు ఆమె కర్రల సంచీ మోసిన 'క్యాడీ' ఎవరో తెలుసా? కన్నతల్లి. ఈ క్యాడీ అన్న మాట 'క్యాడెట్' అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఇంట్లో చిన్న కొడుకు అని దాని అర్థం. కొడుకు పేరున్న కొలువులో అమ్మ నిలబడింది. నా నోటుబుక్కులో ఆ మాటకి ఎదురుగా 'అమ్మ' అనే రాసుకున్నాను.